క్యారియర్ సంచి

మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ నా కుట్టు మిషను చూసి ఒకే మాట అంటారు. "ఇంటి పట్టున ఉండి ఎంత చక్కగా చేసుకుంటాండావమ్మా." నేను నవ్వుతాను. నవ్వక ఏం చేయాలి? మిషను ముందుగదిలో, మగ్గం వెనక, గోడకు ఆనించి ఉంటుంది. అక్కడ కూర్చుంటే నా ముఖం గోడకు, వీపు వీధికి. వీధిలో పోయేది ఎవరో చెప్పుల చప్పుడు బట్టి తెలుసుకోవాల్సిందే. మగ్గం ఆడుతుంటే అదీ వినపడదు.

ధర్మవరంలో మా వీధంతా మగ్గాలే. మా ఇంట్లో ఇప్పుడు ఒక్కటే ఆడుతోంది, మామ నేస్తారు. ఆయనకు మాట తక్కువ, మగ్గానికే ఎక్కువ. మా ఆయన బజారులో ఒక పట్టుచీరల అంగట్లో పనిచేస్తారు. పొద్దున క్యారియర్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పోతే దీపాలు పెట్టాకే రావడం. ఇక అత్త. అత్త గురించి వేరే చెప్పడం ఎందుకు, చెప్పబోయేదంతా ఆవిడ గురించే.

మాది పెనుకొండ. నాయన లారీలకు బస్తాలు ఎత్తేవాడు. ఇంటర్లో నేను లెక్కలు తప్పితే ఇంట్లో ఎవరూ తిట్టలేదు, కుట్టు నేర్చుకోమన్నారు, అంతే. నేర్చుకున్నాక హిందూపురంలో ఒక బట్టల కంపెనీలో చేరాను. పొద్దున్నే కంపెనీ బస్సు మా వీధి మలుపులో ఆగేది. అందులో అందరూ ఆడపిల్లలే. ఒకరి టిఫిను ఒకరు తింటూ, ఒకరి జడ ఒకరు అల్లుతూ, డ్రైవరు విసుక్కునేదాకా అరుచుకుంటూ పోయేవాళ్ళం. లైనులో నాది చొక్కా జేబులు కుట్టే పని. పొద్దంతా జేబులే. ఆ జేబు ఏ చొక్కాకు పోతుందో చూసే తీరిక కూడా ఉండేది కాదు. సుఖమైన పని అని నేను చెప్పను, నడుములు పడిపోయేవి. కానీ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఆ అలుపు నాదిగా ఉండేది. ఇప్పుడు పడే అలుపు ఎవరిదో నాకే తెలియదు.

కటింగ్ బల్ల కింద పడే ముక్కల్లో అరచేయంత ఉన్నవాటిని మా లైను సూపర్వైజరక్క మమ్మల్ని తీసుకోనిచ్చేది. అన్నం తిన్నాక మిగిలిన కాసేపట్లో వాటితో జుట్టు బ్యాండ్లు, చిల్లర పర్సులు, సెల్‌ఫోను సంచులు కుట్టేదాన్ని. ముక్క చేతికి రాగానే అందులోంచి ఏం వస్తుందో నాకు కనబడేది. అక్క వాటిని తిప్పి తిప్పి చూసేది. "నీకు కన్నుండాది పాపా. జేబులు కుట్టేదానివి కాదు నువ్వు" అనేది. ఆమె హిందూపురం మనిషి, సగం తెలుగు సగం కన్నడం. నా పనిని పనిగా మెచ్చుకున్నది నా బతుకులో ఆమె ఒక్కతే.

పెళ్ళి కుదిరినప్పుడు నేను పనికి పోతానని నాయన చేత ముందే అడిగించాను. "చూద్దాం లేప్పా, ఎవురొద్దంటారు" అంది మా అత్త. నాయన సంతోషపడి వచ్చాడు. నేనూ పడ్డాను, పిచ్చిదాన్ని. మా అత్త నోట 'వద్దు' అనే మాట ఈ రోజుకూ నేను వినలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. 'చూద్దాం' అనే మనిషితో ఏమని పోట్లాడాలి?

మొదట కొత్త కోడలిని, తర్వాత కడుపు, తర్వాత పాప. సాకులు వాటంతటవే వరసగా వచ్చాయి. నా జీతంతో నేను కొనుక్కున్న మిషను మాత్రం నాతో వచ్చింది. దాని మీద అత్త ఉతికిన బట్టలు పేర్చేది.

ఆ బట్టలు దిగడానికి కారణం ఒక రవికె గుడ్డ. మా వైపు ముత్తయిదువ ఇంటికొస్తే పసుపూ కుంకుమా, ఆకూ వక్కా, రవికె గుడ్డా పెట్టి పంపాలి. పెట్టినదాన్ని వద్దనకూడదు, తిరిగి అడగకూడదు. పోనీ వాటిని ఎవరైనా కుట్టించుకుంటారా అంటే అదీ లేదు. రంగు కలవదు, పన్నా చాలదు, ఒక్క ఉతుకుకు వెలిసిపోతుంది. అందుకని ప్రతి ఇంట్లో పెట్టెడు గుడ్డలు ఉంటాయి. ఈ ఇంట్లో పెట్టింది ఆ ఇంటికి, ఆ ఇంట్లోది ఇంకో ఊరికి తిరుగుతూనే ఉంటాయి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒక్కటే కట్టుబాటు, ఎవరు పెట్టింది వాళ్ళకే తిరిగి పెట్టకూడదు.

మా అత్త ఈ విషయంలో గట్టి మనిషి. పెట్టెలో ఏ గుడ్డ ఎవరు పెట్టారో మడత చూసి చెప్పేస్తుంది. అట్లాంటి మనిషి ఒక శ్రావణ శుక్రవారం వీధి చివరింటి ఆవిడకు, ఆవిడ పోయినేడు పెట్టిన ఆకుపచ్చ గుడ్డనే పెట్టేసింది. దాని అంచున గుండుసూది తుప్పు మరక ఉంది. ఆవిడ అక్కడే, అందరి ముందే, మడత విప్పి మరక మీద వేలు పెట్టింది. "మా ఇంటి గుడ్డే కదా ఇది. పాపం, దారి మర్చిపోకుండా వచ్చేసినాదే" అంది. అందరూ నవ్వారు. మా అత్త కూడా నవ్వుతూ దాన్ని మార్చి ఇంకో గుడ్డ పెట్టింది. ఆ నవ్వు ఎట్లాంటిదో నాకు బాగా తెలుసు, నేను రోజూ నవ్వేది అదే.

మరుసటి పొద్దున అత్త మిషను మీది బట్టలన్నీ తీసి మంచం మీద పడేసింది. పెట్టెను ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఇవన్నీ కోసెయ్‌మ్మే. సంచులో పర్సులో ఏమన్నా కుట్టు. ఏది ఎవురిదో గుర్తుపట్టేదానికి ఉండకూడదు."

నాకు పండగే అనుకోండి. రెండు మూడు గుడ్డలు కోసి కలిపాను. చీర తీసేటప్పుడు మగ్గం కొసన మిగిలే జరీ ముక్కలు మామ పక్కన పెట్టి ఇచ్చేవారు. అంగట్లో మరక పడి అమ్ముడుపోని చీర ముక్కలు మా ఆయన తెచ్చేవారు. వాటితో మూతికి నాడా ఉండే సంచులు, బొత్తాం పర్సులు, అద్దం పెట్టుకునే బుల్లి సంచులు. తుప్పు మరక గుడ్డ నాలుగు సంచులకు లోపలి గుడ్డ అయిపోయింది. అందులో ఒకటి వీధి చివరింటి ఆవిడకే పోయింది. "ఎంత బాగుండాదో, లోపల పచ్చగుడ్డ కూడా ఏసినావే" అని ఆవిడ మెచ్చుకుంటుంటే మా అత్త వంటింట్లోకి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు మేమిద్దరం కలిసి నవ్వాం. అది నిజం, దాచను.

ఆ నవ్వే నా మెడకు చుట్టుకుంది. ఏడాది తిరగక ముందే మా చుట్టాల్లో ఏ శుభకార్యమైనా సంచులు మా ఇంటి నుంచే పోవాలన్నట్టు అయింది. నల్లమాడలో పెళ్ళికి సంచులు, ఓబులదేవరచెరువులో గృహప్రవేశానికి పర్సులు. అత్త ఫోనులోనే ఒప్పేసుకునేది. "మా కోడలుండాది కదా, కుట్టిస్తాలే." నా సంచులు పోని ఊరు లేదు. వాటితో పాటు నేనూ పోయినా బాగుండేది. పొద్దున బయలుదేరే వేళకు కూడా నాడాలు దూరుస్తూ ఉండిపోయేదాన్ని, ఇంట్లోవాళ్ళు బస్సుకు టైమైపోతుందని సంచులు తీసుకుని పోయేవాళ్ళు. కోడిని గంప కింద కమ్మేస్తే కాసేపు అరుస్తుంది, తర్వాత అక్కడే గింజలు వెతుక్కుంటుంది. నేనూ వెతుక్కున్నాను.

అట్లా ఉండగా మా సూపర్వైజరక్క ఫోను చేసింది. కంపెనీ మానేసి హిందూపురంలోనే చిన్న షెడ్డు తీసుకుందట. కంపెనీల్లో మిగిలే ముక్కలు తెచ్చి కొంతమంది ఆడవాళ్ళతో సంచులు కుట్టించి బెంగుళూరు పంపుతోందట.

"చేతులుండాయి పాపా, కన్ను లేదు. ఏ ముక్క పక్కన ఏది పెట్టల్లో చెప్పేదానికి ఒకరు కావల్ల. నువ్వే రావల్ల. మొదట్లో దుడ్లు తక్కువే, ముందే చెప్తాండా."

దుడ్ల సంగతి నాకు వినపడనేలేదు. కన్ను అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ధర్మవరంలో పొద్దున రైలెక్కితే పెనుకొండ మీదుగా హిందూపురం, సాయంత్రం మళ్ళీ వెనక్కి. పాప బడికి పోతోంది. అత్త ఒంట్లో రాయిలా గట్టిగా ఉంది. ఎంత వెతికినా నాకు సాకు కనబడలేదు.

మా ఆయనను అడిగితే, "నాకేం అడ్డం లేదు, అమ్మనడుగు" అన్నారు. అత్తను అడిగాను.

"పో మ్మే. ఎవురొద్దన్నారు? పాప సీమంతం ఒగటి కానీ. ఆదివారం అది అయిపోతే సోమవారం నుంచి పో."

పాప అంటే ఇక్కడ మా ఆడబిడ్డ. 'చూద్దాం' అనకుండా అత్త ఒక వారం పేరు చెప్పడం అదే మొదలు. నేను నమ్మాను. అక్కకు ఫోను చేసి సోమవారం వస్తున్నానని చెప్పాను. "క్యారియర్ తెచ్చుకో, ఈడ హోటలు అన్నం నీకు పడదు" అంది అక్క.

సీమంతం సంచులు కుడుతూ కుడుతూ మధ్యలో నా కోసం ఒకటి కుట్టుకున్నాను. క్యారియర్ సంచి. నాకోసం నేను కుట్టుకున్నది అదొక్కటే. పెనుకొండ నుంచి తెచ్చుకున్న పాత ముక్కల్లో కంపెనీ నాటి ఖాకీ గుడ్డ ఉంది, దాన్ని అడుగుకు వేశాను. బరువు ఆగాలి కదా. పైన మామ ఇచ్చిన ఎర్ర జరీ అంచు, మధ్యలో నీలం, పసుపు ముక్కలు. మా ఇంటి క్యారియర్‌ను ఎదురుగా పెట్టుకుని చుట్టుకొలత తీశాను, గిన్నె ఒరగకుండా సరిగ్గా పట్టేటట్టు. లోపల రైలు పాసు పెట్టుకోవడానికి చిన్న జేబు. జేబు కుట్టడం నాకు ఒకరు నేర్పాలా? బొత్తాం కుట్టేసి దారం కత్తిరించబోతుంటే అత్త పిలిచింది. దారం కొస అట్లాగే వదిలేసి, మడిచి మిషను సొరుగులో పెట్టాను.

ఆదివారం సీమంతం బాగా జరిగింది. గాజుల చప్పుడు, పూలవాసన, ఇల్లంతా జనం. చివరికి సంచులు అయిపోయాయి. అప్పుడే పెనుకొండ వైపు నుంచి ఒక ముసలావిడ వచ్చింది, ఆడబిడ్డ అత్తగారికి వరసకు పెద్దమ్మ. వస్తుందని ఎవరూ అనుకోలేదు. అత్త లోపలికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో నా సంచి ఉంది. అందులో ఆకూ వక్కా, గాజులు, రవికె గుడ్డ.

నా చేతిలో కుంకుమ భరిణె ఉంది. ముసలావిడకు బొట్టు పెట్టాల్సింది నేనే. పెట్టాను. వంగి దండం కూడా పెట్టాను. ఆవిడ సంచిని ఒళ్ళో పెట్టుకుని నా చెంప నిమిరి, "సల్లగుండు తల్లీ" అంది. ఆకూ వక్కతో పోయినదాన్ని ఏమని అడుగుతాను?

జనం పోయాక అత్తను అడిగాను. "అది నాది అత్తా. రేపు నేను పట్టుకుపోయేది."

"తెలుసు మ్మే. ఏం జేయమంటావు? పెద్దామెను ఉత్త చేతుల్తో పంపమంటావా? చేతిలో పనుండేదానివి, ఇంగొగటి కుట్టుకుంటావు."

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏముంది? ఏమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

సంచి పోతే పోయిందనుకున్నాను. సోమవారం పొద్దున తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, క్యారియర్‌లో అన్నం పెట్టి ప్లాస్టిక్ కవర్లో దించాను. ఆయన బజారులోనే తింటారులే అనుకున్నాను. చెప్పులు వేసుకోబోతుంటే మా ఆయన కాఫీ తాగుతూ అన్నారు.

"తొందరేం లేదులే. ఆ యమ్మతో నేను నిన్న మాట్లాడినా."

"ఏ యమ్మతో?"

"అదే, హిందూపురం ఆమెతో. నిన్న నీ సంచులు చూసి అందరూ మెచ్చుకుంటాంటే నాకే తోచింది. దినామూ రైల్లో పడి నువ్వు పోయేదేంటికి? ముక్కలు ఆ యమ్మ బస్సుకు ఏసి పంపిస్తాదంట. ఈడనే కుట్టి పంపు. ఆ యమ్మ కూడా సరేననింది."

నాకు బంగారం తెచ్చి ఇచ్చినట్టు చెప్పారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మా ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ సంగతి ఎవరికైనా సులువుగా చెప్పుకునేదాన్ని. అత్త వంటింటి గడపలో నిలబడి, "చూసినావా మ్మే, నీ పని నీ కాడికే వస్తాండాది. అదృష్టవంతురాలివి" అంది.

అక్కకు ఫోను చేశాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. "నువ్వే అడగమన్నావనుకున్నానే పాపా" అంది అక్క. "ఏం చెయ్యల్ల మరి? ముక్కలు పంపిచ్చేదా?" అని అడిగింది. పంపించు అక్కా అన్నాను. ఫోను పెట్టేసి, మంచి చీర విప్పి మడతపెట్టి, కవరుతో సహా క్యారియర్ మా ఆయనకే ఇచ్చాను. ఎట్లాగూ అన్నం పెట్టేసి ఉంది కదా.

ఆ వారంలోనే మొదటి మూట వచ్చింది. కన్ను పని అక్కడ ఇంకొకామె చూసుకుంటోంది. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో ఆమె జతలు కట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టి పంపుతుంది. నేను గుర్తుకు గుర్తు కలిపి కుట్టాలి, అంతే. అంటే మళ్ళీ జేబుల పనికే వచ్చాను, బస్సు లేదు, తోటి ఆడపిల్లలు లేరు, అరుపులు లేవు. మూటలు తలుపు పక్కన ఒకదాని మీద ఒకటి పెరిగి, మగ్గానికీ గోడకూ మధ్య నేను పట్టేంత చోటే మిగిలింది. చూసినవాళ్ళందరూ ఇంటి పట్టున ఉండి ఎంత చక్కగా చేసుకుంటున్నావమ్మా అంటారు. వాళ్ళను కొట్టాలనిపిస్తుంది. నవ్వుతాను.

మొన్న శ్రావణంలో పెళ్ళికి పిలవడానికి హిందూపురం నుంచి దూరపు చుట్టం ఒకావిడ వచ్చింది. చీరలూ ఇక్కడే తీసుకుని, పనిలో పనిగా పిలుపులూ చేసుకుంటోంది. అత్తకు బొట్టు పెట్టింది, నాకు బొట్టు పెట్టింది. పత్రికతో పాటు నా చేతిలో ఒక సంచి పెట్టింది. నేను కిందికి చూడకముందే నా చేతికి తెలిసింది. అడుగున ఖాకీ గుడ్డ.

"ఎక్కడిదమ్మా ఇది?"

"పెనుకొండలో ఒక పిల్ల పుట్టెంటికలకు పోతే పెట్టినారు మ్మా. బాగుండాది కదా అని ఎత్తిపెట్టినా. మాకు దీంట్లో ఏసుకోని పోయేదానికి ఏముంటాది."

పోగొట్టుకున్న పిల్ల దొరికినట్టు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ వాడలేదు. నేను మడిచిన మడతలు అట్లాగే ఉన్నాయి. బొత్తాం కింద దారం కొస వేలాడుతూనే ఉంది. నేను పుట్టిన ఊరు చూసుకుని, నేను పోవాల్సిన ఊరు చూసుకుని, నా దగ్గరికి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, పొగ అని చెప్పి వంటింట్లోకి పోయాను. మా వంటింట్లో గ్యాసు పొయ్యి. ఎవరూ అడగలేదు.

ఆవిడ పోయాక అత్త సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. మడత చూసి గుడ్డ ఎవరిదో చెప్పే మనిషి.

"బాగుండాదే. ఎవురు కుట్టినారో గానీ. పెట్టెలో పెట్టు మ్మే, ఎవురికన్నా పెట్టచ్చు."

"లేదత్తా. ఇది ఎవరికీ ఇయ్యను."

ఆవిడ నా వైపు కొత్తగా చూసింది. నేను దారం కొస కత్తిరించి, సంచిని తలుపు పక్క మేకుకు తగిలించాను. వీధి కనబడే చోట. కుడుతూ కుడుతూ మధ్యలో వెనక్కి తిరిగి దాన్ని చూస్తూ ఉన్నాను. అక్క దగ్గరికి పోతానని ఇంట్లో ఇంకోసారి అడిగి చూద్దామా అని కూడా ఆ రోజు అనుకున్నాను.

మరుసటి పొద్దున మా ఆయన ప్లాస్టిక్ కవరు చెవి తెగింది. ఆయన చుట్టూ చూసి, మేకుకున్న సంచి తీసి క్యారియర్ అందులో దించారు.

"ఇదో, సరిగ్గా పట్టింది చూడు. కొలత తీసి కుట్టినట్టుండాది."

కొలత తీయక? ఇంట్లో ఉన్నది ఆ ఒక్క క్యారియరే. చెబుదామని నోరు తెరిచాను. "చూసినావా, పెట్టెలో ఏసింటే పనికొచ్చేదా" అంది అత్త, అదేదో నన్ను మెచ్చుకుంటున్నట్టు. ఆయన అప్పటికే మెట్లు దిగారు. ఎర్ర జరీ అంచు వీధి మలుపు దాకా కనబడింది.

ఆ రోజు నుంచి రోజూ అందులో అన్నం సర్దేది నేనే, గడప దాకా తెచ్చి చేతికిచ్చేది నేనే. తర్వాత వచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంటాను. సాయంత్రం అది తిరిగొచ్చాక లోపలికి తిప్పి దులుపుతాను. పాసు కోసమని నేను కుట్టుకున్న జేబులోంచి ఆయన వక్కపొడి రాలుతుంది.